గ్రూప్-2 నోట్సు ఫోనులో ముడిపెట్టుకుందాం

నమస్కారం. కర్నూలులో గది అద్దెకు తీసుకుని గ్రూప్-2కు చదువుతున్న మిత్రుల కోసం ఈ వీడియో. మీ ఫోనులో పీడీఎఫ్‌లు, టెలిగ్రామ్ మెటీరియల్, స్క్రీన్‌షాట్లు వందల కొద్దీ ఉండవచ్చు. దాచుకున్నంత మాత్రాన చదివినట్టు కాదు కనుక, సొంత మాటల్లో రాసుకున్న నోట్సును ఒకదానితో ఒకటి ఎలా కలపాలో చూద్దాం.

నేను వాడేది 2020లో వచ్చిన అబ్సిడియన్ అనే యాప్. ఇందులో రాసే ప్రతి నోటూ మన ఫోనులోనే మామూలు టెక్స్ట్ ఫైలుగా ఉంటుంది కాబట్టి, నెట్ లేకున్నా తెరుచుకుంటుంది, రేపు యాప్ మానేసినా మన రాత మన దగ్గరే ఉంటుంది.

ఇప్పుడు స్క్రీన్ చూడండి. "శ్రీబాగ్ ఒడంబడిక" పేరుతో నోటు తెరిచి, 1937 నవంబరు 16న మద్రాసులో కోస్తా, రాయలసీమ నాయకులు కుదుర్చుకున్న ఈ ఒప్పందం రాజధాని, హైకోర్టులలో ఒకదాన్ని ఎంచుకునే అవకాశం సీమకు ఇచ్చిందని రాశాను. దాని కింద రెండు చదరపు బ్రాకెట్లు తెరిచి, "రాజధానిగా కర్నూలు" అని టైపు చేసి, మళ్లీ రెండు బ్రాకెట్లతో మూస్తున్నాను. ఆ నోటు ఇంకా లేకపోయినా, ఆ పేరు మీద నొక్కగానే ఖాళీ పేజీ వస్తుంది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు కర్నూలు రాజధాని అయిందని, 1956 నవంబరు 1న రాజధాని హైదరాబాదుకు మారిందని అందులో రాస్తాను. ఈ పేజీని ప్రస్తావించిన నోట్లన్నీ బ్యాక్‌లింక్స్ దగ్గర కనిపిస్తాయి.

లింకు పెట్టి ఊరుకోకండి. ఎందుకు పెట్టారో దాని పక్కన ఒక్క వాక్యం తప్పక రాయండి. ఇక్కడైతే, "ఒడంబడికలోని ఆ మాట వల్లే కర్నూలు ఎంపికైంది" అని రాయాలి. సంవత్సరాలు బట్టీ పట్టినా జారిపోతాయి గాని, కారణం సొంతంగా రాసుకున్న విషయం పరీక్ష హాలులో గుర్తుకొస్తుంది. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త నిక్లాస్ లూమన్ దాదాపు 90,000 కాగితపు చీటీలను ఒకదానికొకటి జత చేసుకుంటూ పనిచేశాడు, కనుక ఇది యాప్‌తో పుట్టిన పద్ధతి కాదు.

ఫోల్డర్ల గురించి మొదట్లో ఆలోచించకండి. ఆ రోజు చదవాల్సిన అంశాలు, అప్పటికప్పుడు తట్టిన సందేహాలు తేదీ పేరుతో తెరుచుకునే డైలీ నోటులో వేసుకుని, ఆదివారం ఒక గంట కూర్చుని వాటిలో నిలవదగినవాటిని విడి నోట్లుగా మార్చి, సంబంధమున్న పాత నోట్లకు కలపండి. అదే రోజు ఫోల్డరు మొత్తాన్ని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకుంటే, ఫోను పోయినా నోట్సు పోవు.