మనింట్లో టీవీ ఆపేస్తే సీరియల్‌కి టీఆర్‌పీ పడిపోతుందా?

మా పెద్దమ్మ వాళ్ళింట్లో రాత్రి ఏడున్నర నుంచి తొమ్మిదిన్నర దాకా టీవీ ఆపరు. ఎవరూ చూడకపోయినా ఆపరు. పెద్దమ్మ వంటింట్లో ఉన్నా, గుడికెళ్ళినా ముందు గదిలో అది మోగుతూనే ఉంటుంది. ఎందుకు పెద్దమ్మా అంటే, "మనం ఆపేస్తే టీఆర్‌పీ పడిపోద్దే! అప్పుడు మధ్యలోనే సీరియల్ ఆపేస్తారు" అంటుంది. తనకి ఇష్టమైన సీరియల్‌ని ఒకసారి అర్ధంతరంగా ముగించేశారు. అప్పటి నుంచి పట్టుకున్న భయం ఇది.

ఒక్క పెద్దమ్మే అయితే ఈ వీడియో చేసేదాన్ని కాదు. మాది ఒడిశాలో, ఆంధ్ర సరిహద్దు పక్కనే ఉన్న పర్లాకిమిడి. ఇక్కడ మా వీధిలోనే ఇంకో ముగ్గురి దగ్గర ఇదే మాట విన్నాను. "డబ్బాలో చిప్ ఉంటుందట, మనం ఏం చూస్తే అది రాసుకుంటుందట" అని. చదువుకున్నవాళ్ళు కూడా అంటున్నారు. వినీ వినీ విసుగొచ్చి కూర్చున్నాను.

మామూలు కేబుల్ బాక్స్ సిగ్నల్ అందుకుంటుంది, తిరిగి ఏమీ పంపదు. టీఆర్‌పీ, అంటే ఏ సీరియల్‌ని ఎంతమంది చూస్తున్నారన్న లెక్క, దానితో కట్టరు. ఆ లెక్క కట్టేది బార్క్ అనే సంస్థ, 2015 నుంచి. ఎంపిక చేసిన కొన్ని ఇళ్ళలో, టీవీలో ఏం చూస్తున్నారో రాసుకునే మీటర్లు పెడుతుంది. దేశంలో టీవీ ఉన్న ఇళ్ళు 21 కోట్లని 2020లో బార్క్ అంచనా వేసింది. అప్పటికి మీటర్లున్న ఇళ్ళు 44 వేల దాకా ఉన్నాయి. అంటే ఇంచుమించు 4,800 ఇళ్ళకి ఒకటి. ఆ ఒక్కటీ ఏదో బయటికి చెప్పరు. మీ ఇంట్లో మీటర్ పెట్టి ఉంటే మీకు తెలిసే పెట్టి ఉంటారు. పెట్టలేదంటే, మీ టీవీ రాత్రంతా మోగినా ఆ లెక్కలో పడదు.

ఇక్కడే అందరూ అడుగుతారు: "ఒక్క ఇంట్లో చూసి 4,800 ఇళ్ళ సంగతి చెప్పేస్తారా? ఇదేం లెక్క?"

అన్నం వార్చే ముందు ఏం చేస్తాం? ఒక మెతుకు తీసి నొక్కి చూస్తాం. గిన్నెడు అన్నం తిని చూడం కదా. ఇది కూడా అంతే. పెళ్ళిలో గుండిగ నిండా బియ్యం పోసి వండే వంటాయన్ని గమనించండి. బియ్యం ఎక్కువ కదా అని ఆయన దోసెడు అన్నం తీసి చూడడు. ఆయన తీసేవీ నాలుగు మెతుకులే. గిన్నె ఎంత పెద్దదన్నది కాదు, ఆ నాలుగు మెతుకులు ఎక్కడి నుంచి తీశామన్నదే ముఖ్యం. నాకు లెక్కల్లో అన్నిటికంటే అందంగా అనిపించే విషయం ఇదే. మనసుకి ఒక పట్టాన నమ్మబుద్ధి కాదు, కానీ నిజం.

మరి వంటాయన ఎక్కడి నుంచి తీస్తాడు? పైపైన తీయడు. గరిటె అడుగుదాకా పోనిచ్చి, ఒకసారి కలిపి తీస్తాడు. పైన పలుకు ఉండొచ్చు, అడుగున మాడి ఉండొచ్చు. బార్క్ కూడా అలాగే కలపాలి. పట్నం ఇళ్ళు కొన్ని, పల్లె ఇళ్ళు కొన్ని. కేబుల్ ఉన్నవి, డిష్ ఉన్నవి. ఇంటి స్థాయి చూడ్డానికి ఒక పద్ధతి ఉంది: ఎక్కువ సంపాదించే మనిషి ఎంత చదివాడు, ఫ్యాన్, గ్యాస్ పొయ్యి, ఫ్రిజ్, బండి, కారు, పొలం లాంటి పదకొండింటిలో ఎన్ని ఉన్నాయి. వాటిని బట్టి ఇళ్ళని విడదీసి, ప్రతి రకంలోంచీ కొన్ని తీసుకుంటారు. ఈ కలపడం సరిగ్గా జరిగితే కొద్ది ఇళ్ళతోనే చాలా సంగతి తెలుస్తుంది.

ఇంతవరకూ నాకు పేచీ లేదు. నా బాధ గిన్నెల దగ్గర మొదలవుతుంది.

దేశమంతా ఒక్క గిన్నె కాదు. ప్రాంతాలుగా విడగొట్టి కొలుస్తారు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కలిపి ఒక మార్కెట్. ఒడిశా ఇంకో మార్కెట్. వారం వారం తెలుగు సీరియళ్ళలో ఏది మొదటి స్థానం, ఏది రెండో స్థానం అని మీరు చూసే పట్టిక ఆంధ్ర, తెలంగాణ గిన్నెలోది. మా ఊళ్ళో ఆటో ఎక్కితే నిమిషాల్లో పాతపట్నం. అక్కడ శ్రీకాకుళం జిల్లా, ఇక్కడ గజపతి జిల్లా. అక్కడ మా చిన్నాన్న వాళ్ళు, ఇక్కడ మేము. ఒకే రాత్రి ఒకే సీరియల్ చూసి, మర్నాడు ఫోన్‌లో దాని గురించే మాట్లాడుకుంటాం. కానీ వాళ్ళు ఒక గిన్నెలో మెతుకులు, మేము ఇంకో గిన్నెలో మెతుకులు. ఒడిశా ఏర్పడినప్పుడు, 1936 ఏప్రిల్ 1న, పర్లాకిమిడి ఇటు వచ్చింది. టీవీ లెక్కలు కూడా ఆ గీత మీదే నడుస్తున్నాయి.

ఇక్కడ తెలుగు చూస్తే అసలు లెక్కలోకే రాదని కాదు. మీటర్ ఉన్న ఇల్లయితే వస్తుంది. కానీ ఒడిశా గిన్నెలో పడుతుంది. అందులో ఎక్కువ ఇళ్ళు ఒడియా, హిందీ చూస్తాయి. తెలుగు చూసేవి బరంపురంలో, రాయగడలో, ఇక్కడ, అక్కడక్కడా. గిన్నెడు తెల్లన్నంలో గుప్పెడు పులిహోర కలిసిపోయిందనుకోండి. నాలుగు మెతుకులు తీస్తే నాలుగూ తెల్లవే రావచ్చు. లేదా అనుకోకుండా రెండు పసుపువి రావచ్చు. రెండు సందర్భాల్లోనూ అసలు సంగతి తెలీదు. చిన్న గుంపుని కొద్ది మెతుకులతో పట్టుకోలేం.

ఏం పోయింది, ప్రకటనల వాళ్ళ గొడవ కదా అనిపించవచ్చు. కాదు. ఏ గిన్నెని కొలుస్తారో ఆ గిన్నె కోసమే వండుతారు.

మా అన్నయ్య కూతురు రెండో తరగతి, ఒడియా మీడియం. తెలుగు అక్షరాలు రావు. తెలుగు మాటలు మాత్రం గలగలా వస్తాయి. అవి ఇంట్లోంచి సగం, టీవీలోంచి సగం. మా అమ్మ "ఏటే, ఎలగున్నావు?" అంటే, ఆ పిల్ల నవ్వి "ఏటి కాదు నానమ్మా, ఏంటి అనాలి" అంటుంది. అమ్మ కూడా నవ్వేసింది. నాకు మాత్రం గుండెలో కలుక్కుమంది. ఆ పిల్లకి తెలుగు పలక పట్టించిన బడి లేదు, పుస్తకం లేదు. తనకున్న ఒకే పంతులు టీవీ. ఆ పంతులుకి మా యాస తెలీదు. తెలుసుకోవాల్సిన అవసరం కూడా ఆ లెక్కల్లో ఎక్కడా కనబడదు. అదే సమయంలో ఆ టీవీ లేకపోతే పిల్లకి తెలుగే ఉండేది కాదేమో. ఈ రెండూ నిజమే. ఒకటి చెప్పి రెండోది దాచలేను.

తిత్లీ తుపాను గుర్తుందా? 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది. శ్రీకాకుళం జిల్లా ఎంత నలిగిందో మా గజపతి జిల్లా కూడా అంత నలిగింది. బరఘరా ఊళ్ళో కొండచరియలు విరిగిపడి మనుషులు పోయారు. ముందు రోజు రాత్రి కరెంటు పోయేదాకా మా ఇంట్లో రిమోట్ రెండు ఛానళ్ళ మధ్య తిరుగుతూనే ఉంది. తెలుగులో పెడితే సోంపేట, పలాస, టెక్కలి. ఒడియాలో పెడితే గంజాం, గజపతి. అమ్మకి బజారు ఒడియా వచ్చు గానీ వార్తల ఒడియా అందదు. తనకి అర్థమయ్యే భాషలో తన ఊరి పేరు లేదు, తన ఊరి పేరున్న భాష తనకి పూర్తిగా అర్థం కాదు. అన్నయ్య పక్కన కూర్చుని ఒక్కో వాక్యం తెలుగులో చెప్పాడు. ఆ ఛానళ్ళు తప్పు చేశాయని నేననను. ఎవరి గిన్నె వాళ్ళు చూసుకున్నారు. మధ్యలో ఉన్నవాళ్ళం మేం.

చూసేవాళ్ళకి అర్థమైందా అని నేరుగా వెళ్ళి అడిగిన రోజులూ ఉన్నాయి. 1975 ఆగస్టు నుంచి 1976 జూలై దాకా సైట్ అని ఒక ప్రయోగం జరిగింది. అమెరికా ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లో దాదాపు 2,400 ఊళ్ళకి టీవీ చూపించారు, ఊరికో టీవీ చొప్పున. ప్రసారాలు నాలుగు భాషల్లో సాగాయి. తెలుగూ ఒడియా రెండూ అందులో ఉన్నాయి. పరిశోధకులు ఊళ్ళకే వెళ్ళి జనం ఏం చూశారో, ఏం అర్థమైందో తెలుసుకున్నారు. నాకు ఆ పని మీద చాలా గౌరవం. ఇప్పటి మీటర్లేవీ అర్థమైందా అని అడగవు.

టైమ్ అయిపోతోంది, మిగతావి త్వరగా చెప్పేస్తాను.

మీటర్‌కి ఛానల్ ఎలా తెలుస్తుంది? ఛానల్ వాళ్ళు శబ్దంలోనే మన చెవికి వినబడని గుర్తు ఒకటి కలిపి పంపుతారు. మీటర్ దాన్ని పట్టుకుంటుంది. ఎవరు చూస్తున్నారో తెలియడానికి ఇంట్లో ఒక్కొక్కరికీ ఒక బటన్ ఉంటుంది, కూర్చున్నప్పుడు నొక్కాలి. ఎంతమంది, ఎన్ని నిమిషాలు అన్నదే లెక్క. గంట సీరియల్‌ని ఒకరు పూర్తిగా, ఒకరు సగం చూస్తే సగటున ఒకటిన్నర మనిషి. కాబట్టి పెద్దమ్మ ఇంట్లో మీటర్ ఉన్నా, ఖాళీ గదిలో మోగే టీవీని చూసేవాళ్ళ కింద రాసుకోకూడదు.

బాక్స్ ఆన్ చేయగానే ఒక ఛానల్ దానంతటదే వస్తుంది కదా, దాన్ని ల్యాండింగ్ పేజ్ అంటారు. మీటర్ ఇంట్లో అలా వచ్చిన నిమిషాలు కూడా పడే అవకాశం ఉంది. మనం కోరకుండానే గరిటె మీదికి ఎక్కించిన మెతుకు అది. టీవీ ప్రసారాల మీద నియమాలు పెట్టే ట్రాయ్ 2018లో దీన్ని ఆపమంది, 2019లో ఇలాంటి వివాదాలు తేల్చే ట్రైబ్యునల్ ఆ ఆదేశాన్ని కొట్టేసింది. మీటర్ ఇళ్ళకి డబ్బులిచ్చి ఛానల్ పెట్టించారని 2020 అక్టోబర్‌లో ముంబై పోలీసులు కేసు పెట్టాక, వార్తా ఛానళ్ళ రేటింగ్ ఆపేశారు. 2022 మార్చిలో మళ్ళీ మొదలైంది. దీని మీద వేరే వీడియో చేస్తాను.

ఇంకొక్కటి. ఫోన్‌లో యాప్ పెట్టుకుని సీరియల్ చూస్తే అక్కడ మెతుకు పట్టి చూడటం ఉండదు. మీరు నొక్కిన ప్రతి ఎపిసోడూ ఆ యాప్ వాళ్ళ లెక్కలో పడుతుంది, పర్లాకిమిడిలో చూసినా, పాతపట్నంలో చూసినా. పెద్దమ్మకి ఇదంతా చెప్పి, ఫోన్‌లో యాప్ పెట్టి ఇచ్చాను. రెండు రోజులు చూసి పక్కన పెట్టేసింది. పక్కింటి ఒడియా మావుసి, అంటే పిన్ని, సరిగ్గా ఏడున్నరకి వస్తుంది. తెలుగు ఆ సీరియళ్ళు చూసే నేర్చుకుంది. ఇద్దరూ కలిసి ఆ చిన్న తెర మీద ఎలా చూస్తామే అంది పెద్దమ్మ. ఇప్పుడు గుడికెళ్ళేటప్పుడు మాత్రం టీవీ ఆపి వెళ్తోంది.