ఆరాధనలో నాటకం: చూసేవారెవరు?

(కడపలో సండే స్కూల్ ఉపాధ్యాయులు, సంఘ పెద్దలు కలిసిన సభలో చేసిన ప్రసంగ పాఠం)

అధ్యక్షులకు, కాపరులకు, పెద్దలకు, సండే స్కూల్ భారం మోస్తున్న అక్కచెల్లెళ్ళకు, తమ్ముళ్ళకు వందనాలు.

ఆరాధనలో నాటకం ఉండవచ్చా, కూడదా అన్నది తేల్చి చెప్పమన్నారు. డిసెంబరు దగ్గరపడేసరికి ప్రతి సంఘంలోనూ ఈ గొడవ లేస్తుంది కాబట్టి నా సమాధానం ముందే చెప్పేస్తాను. సంఘానికి నాటకం కావాలి. చర్చి ఆవరణలో రాత్రంతా ఆడినా నాకు అభ్యంతరం లేదు. అయితే ప్రారంభ ప్రార్థన నుంచి ఆశీర్వాద ప్రార్థన వరకు, సంఘాన్ని ప్రేక్షకులుగా మార్చి కూర్చోబెట్టే దేనికీ చోటు ఇవ్వకూడదు. అది నాటకమైనా, గాయక బృందం కచేరీ అయినా, కొన్ని ప్రసంగాలైనా సరే. ప్రసంగాల సంగతి చెప్పేటప్పుడు నన్ను నేను మినహాయించుకోవడం లేదు.

ఈ ప్రశ్న మన జిల్లాలో వినిపించడమే ఒక వింత. తోలుబొమ్మలు ఆడించే కుటుంబాలు 1885లో ఈ కడప జిల్లా సురభి గ్రామంలోనే బొమ్మలను పక్కన పెట్టి తామే వేషాలు కట్టి 'కీచక వధ' ఆడాయి. వనారస గోవిందరావు నడిపించిన ఆ సమాజం ఈనాటికీ సురభి పేరుతోనే బతుకుతోంది. 1880లో తాడిపత్రిలో పుట్టిన బళ్ళారి రాఘవ కోర్టులో వకీలుగానూ, రంగస్థలం మీద నటుడిగానూ పేరు తెచ్చుకున్నాడు. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో ఇప్పటికీ తోలుబొమ్మలు చేసే ఇళ్ళున్నాయి. పద్యనాటకం అంటే పనులు మానుకుని వచ్చే ఊళ్ళు మనవి. ఇలాంటి నేల మీద లేచిన చర్చిలు నాటకమంటే ఎందుకు ముడుచుకున్నాయి?

అందులో కొంత సముద్రం దాటి వచ్చింది. కడపకు 1822లో వచ్చినది లండన్ మిషనరీ సంఘం. ఆ సంఘాన్ని నిలబెట్టినవారిలో అధికులు కాంగ్రిగేషనల్ సంఘాలవారు, అంటే ఆరాధనను మానవ ఆచారాల నుంచి శుద్ధి చేయాలని పట్టుబట్టిన ఇంగ్లండులోని ప్యూరిటన్ల వారసులు. ప్యూరిటన్ల పక్షం బలం పుంజుకున్న పార్లమెంటు 1642లో నాటకశాలలన్నీ మూయించింది. అంతకు ముందు 1633లో విలియం ప్రిన్ అనే న్యాయవాది నాటకాలను తిడుతూ వెయ్యి పేజీలకు పైబడిన పుస్తకం అచ్చు వేయించాడు. దానిలో రాణిని అవమానించాడని రాజు న్యాయస్థానం అతని చెవులు కోయించింది. (నాటకం మీద అంత కోపం ఉన్నవాడి శిక్ష చూడటానికి జనం గుమిగూడి ఉంటారని నా అనుమానం.) వాక్యం, అంటే బైబిలు, ఆజ్ఞాపించనిది ఆరాధనలో ఉండరాదన్నది ప్యూరిటన్ల నియమం. మన పాత చర్చిల సున్నపు గోడల మీద ఒక్క బొమ్మైనా కనబడకపోవడానికి, పాత పెద్దలు వేషం అనగానే ముఖం చిట్లించడానికి ఆ నియమం ఒక కారణం. నంద్యాల, ముత్యాలపాడు వైపు పనిచేసిన ఆంగ్లికన్ (ఇంగ్లండు అధికార సంఘపు) మిషన్ తీరు వేరు. అక్కడ అంగీలు, ఊరేగింపులు, పండుగల పట్టిక ఉన్నాయి. యేసు సిలువ యాత్రను ఘట్టం ఘట్టంగా తలచుకుంటూ నడిచే కతోలికుల సిలువ మార్గం సంగతి చెప్పనక్కరలేదు. 1947లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడి ఈ తీరుల్లో కొన్నిటిని ఒకే కప్పు కిందికి తెచ్చింది. అందుకే ఒకే బెంచీ మీద కూర్చున్న ఇద్దరు పెద్దలు ఈ విషయంలో ఒకరి మాట ఒకరు ఒప్పుకోరు. ఇద్దరూ తమ తాతల ఆచారమే చెబుతున్నారు.

మిగతా కారణం సముద్రం దాటి రాలేదు, మన ఊళ్ళదే. దాన్ని గౌరవంగా మాట్లాడాలి. మన సంఘాల్లో ఎక్కువమంది పూర్వీకులు మాల మాదిగ పేటల నుంచి వచ్చినవారు. జాతరలో డప్పు కొట్టడం వారికి కళ కాదు, వెట్టి. వీధినాటకం ఆడుతుంటే ఎవరు ఎక్కడ కూర్చోవాలో, ఎవరు ఎంత దూరాన నిలబడి చూడాలో కులమే చెప్పేది. ఆ రాత్రంతా సాగేది ఒక దేవత పేరు మీద. బాప్తిస్మం తీసుకున్నవాడు ఇక డప్పు ముట్టను, జాతర నాటకానికి పోను అన్నాడంటే అందులో భక్తి ఎంత ఉందో ఆత్మాభిమానం అంత ఉంది. సుమారు 200 ప్రాంతంలో ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజ్ పట్టణంలో తెర్తుల్లియన్ అనే క్రైస్తవ రచయిత విశ్వాసులను నాటకశాలకు వెళ్ళవద్దన్నాడు. అక్కడి ఆటలు రోమా దేవతలకు అంకితమైనవి, బాప్తిస్మంలో సాతాను ఆడంబరాలను విడిచిపెడతామని చెప్పినవారు మళ్ళీ వాటి ముందు కూర్చోవడమేమిటని అడిగాడు. మన తాతలకు తెర్తుల్లియన్ ఎవరో తెలియకపోయినా అదే మాట అన్నారు. ఇప్పుడు వారి మనవలు డప్పు మా గౌరవం అంటూ దాన్ని ఆరాధనలోకి తెస్తున్నారు. తాత దాన్ని కింద పెట్టడమూ సరే, మనవడు పైకెత్తడమూ సరే. మనవడిని మందలించేవారు తాత ఎందుకు వదిలాడో ఒకసారి గుర్తు చేసుకుంటే చాలు.

ఇక వాక్యం దగ్గరికి వద్దాం. నాటకం కావాలనేవారు మొదట ప్రవక్త యెహెజ్కేలును పిలుచుకొస్తారు. ఆయన ఇటుక మీద యెరూషలేము బొమ్మ గీసి దానికి ముట్టడి వేశాడు, 390 దినాలు ఎడమ ప్రక్కన, 40 దినాలు కుడి ప్రక్కన పడుకున్నాడు. యిర్మీయా కుండ పగలగొట్టాడు, కాడి మెడకు కట్టుకున్నాడు. అగబు అనే ప్రవక్త పౌలు నడికట్టుతో తన చేతులూ కాళ్ళూ కట్టుకున్నాడు. ఇవి అభినయాలు కావని నేననను. కానీ ఇవి ఎక్కువగా ఎక్కడ జరిగాయో చూడండి. ఇంటి ముందు, పట్టణపు గుమ్మం దగ్గర, ఒక విశ్వాసి ఇంట్లో. దేవాలయపు ఆరాధన క్రమంలో ఒక్కటీ లేదు. ఇంకొకటి, అదే యెహెజ్కేలుకు 33వ అధ్యాయంలో దేవుడు చెప్పిన మాట మన నాటక సమాజాలవారు గోడకు రాసిపెట్టుకోదగినది. వారు నీ దగ్గరకు వచ్చి కూర్చుంటారు, మంచి స్వరం గల గాయకుడి పాట విన్నట్టు నీ మాటలు వింటారు, వాటి ప్రకారం మాత్రం చేయరు. ప్రవక్తల్లో ఆయనంత అభినయం చేసినవాడు లేడు. ఆ హెచ్చరిక వెళ్ళింది ఆయనకే.

దీని పక్కన నిర్గమకాండం 12వ అధ్యాయం పెట్టి చదవండి. నడుము కట్టుకుని, చెప్పులు తొడుక్కుని, కర్ర చేత పట్టుకుని త్వరపడుతూ తినమని దేవుడు ఇశ్రాయేలీయులతో అన్నాడు. ఆ తరువాత తరతరాలకూ ఆ విడుదలను తలచుకునే పస్కా పండుగ ఆచరించమన్నాడు. ఇల్లంతా బల్ల చుట్టూ ఉంటుంది. పిల్లవాడు "మీరు ఆచరించు ఈ ఆచారమేమిటి" అని అడుగుతాడు, తండ్రి జవాబు చెబుతాడు. ప్రశ్న ఉంది, జవాబు ఉంది, తినడం ఉంది. ఊరికే కూర్చుని చూసేవాడు మాత్రం ఒక్కడూ లేడు. ప్రభు భోజనం ఆ బల్ల నుంచే వచ్చింది. రొట్టె విరవడం, గిన్నె ఎత్తడం, మోకరించడం, మట్టల ఆదివారం మట్టలు పట్టుకుని నడవడం, ఇవన్నీ శరీరంతో చేసేవే. శరీరం కదలకూడదనేవారు ముందు వీటికి జవాబు చెప్పాలి.

కలిసి చేయడానికీ ఊరికే చూడటానికీ మధ్య ఇదే గీత చరిత్రలోనూ కనిపిస్తుంది. 970 ప్రాంతంలో ఇంగ్లండులోని వించెస్టర్‌లో ఎథెల్‌వోల్డ్ అనే బిషప్ ఈస్టర్ ఉదయపు ఆరాధన ఎలా జరగాలో రాయించాడు. తెల్లని అంగీ వేసుకున్న ఒక సన్యాసి ఖర్జూర మట్ట పట్టుకుని సమాధి దగ్గర కూర్చుంటాడు. ముగ్గురు సన్యాసులు ధూపార్తులు పట్టుకుని వెదుకుతున్నట్టు అడుగులో అడుగు వేసుకుంటూ వస్తారు. ఎవరిని వెదకుచున్నారు, నజరేయుడైన యేసును, ఆయన ఇక్కడ లేడు. అంతే సంభాషణ. తరువాత సమాధిలోని వస్త్రాన్ని పైకెత్తి చూపుతారు, అందరూ స్తుతికీర్తన ఎత్తుకుంటారు, గంటలన్నీ మోగుతాయి. యూరప్‌లో నాటకం మళ్ళీ మొలకెత్తింది ఇలాంటి చోట్లనే అంటారు పండితులు. ఆడినవారూ మిగిలినవారూ కలిసి చివరికి పాటలోకి వెళ్ళిపోతారు. చప్పట్లు కొట్టడానికి అక్కడ ఎవరూ మిగలరు.

అలా మొదలైనది కొన్ని తరాల్లోనే బరువెక్కింది. 1207 నాటికి పోపు మూడవ ఇన్నొసెంట్ దేవాలయాల్లో నాటక వేడుకలను, ముసుగులను మందలించవలసి వచ్చింది. నాటకం క్రమంగా వీధికి వచ్చింది, వృత్తి సంఘాలవారు బండ్ల మీద ఆడారు. వీధిలో అది హాయిగా బతికింది. ఇంగ్లండులోని కోవెంట్రీలో ఆడిన ఒక నాటకంలో, శిశువైన యేసును చంపజూసిన హేరోదు రాజు బండి మీదా, వీధిలోకి దిగి కూడా ఆగ్రహంతో ఊగిపోవాలని సూచన రాసి ఉంది. అది చదివినప్పుడు నాకు మన క్రిస్మస్ నాటకాల హేరోదులు గుర్తుకొచ్చి నవ్వు ఆగలేదు. మీసం మెలేసి, దుర్యోధనుడి నడకతో వచ్చి, రాగం తీసి పద్యం ఎత్తుకుంటే ఊరంతా "వన్స్ మోర్" అంటుంది. యేసు పుట్టిన రాత్రి జనానికి గుర్తుండిపోయేది హేరోదే! ఆవరణలో, పెట్రోమాక్స్ కాలంలోనైనా ఎల్ఈడీ దీపాల కాలంలోనైనా, ఇది జరగవలసిందే. నేనూ మొదటి వరుసలో కూర్చుంటాను. కానీ "వన్స్ మోర్" అనిపించుకోవాలన్న ఆశ బలిపీఠం ముందుకు వస్తే, మరుసటి ఆదివారం నుంచి పాట పాడేవాడికీ, ప్రార్థన చేసేవాడికీ అదే ఆశ పుడుతుంది.

చదువు రానివారికి నాటకమే బైబిలు అని వాదించే తమ్ముళ్ళున్నారు. నిజమే. 1978లో వచ్చిన 'కరుణామయుడు' సినిమాను ఊరూరా తెర కట్టి చూపించారు, విజయచందర్ ముఖం చూసే సిలువ కథ తెలుసుకున్నవారున్నారు. అది సువార్త పని. సాయంత్రం, వీధిలో, తెలియనివారి కోసం చేసేది. బల్ల చుట్టూ తెలిసినవారు చేసేది వేరు.

ఇక్కడ ఇంకొక మాట చెప్పకుండా ఉండలేను. వేషాలు పంచేటప్పుడు మనం ఏం చేస్తున్నాం? తెల్లగా ఉన్న పాపకు దేవదూత రెక్కలు, నల్లగా ఉన్న బాబుకు సాతాను కొమ్ములు. కానుక ఎక్కువ ఇచ్చే ఇంటి పిల్ల మరియమ్మ, చర్చి ఊడ్చే ఆమె కొడుకు గొర్రె. ఆ పిల్లవాడు ఇంటికి తీసుకెళ్ళే ప్రసంగం అదే, మనం పలికినవేవీ గుర్తుండవు. ఆవరణలో జరిగినా ఇది తప్పే.

పెద్ద ఎత్తున ఇలాంటిది జర్మనీలోని ఒబెరామెర్గావ్‌లో జరిగింది. తెగులు నుంచి విడుదల కోసం 1633లో ఊరివారు మొక్కుకుని, 1634 నుంచి క్రీస్తు శ్రమల నాటకం ఆడుతున్నారు. పదేళ్ళకొకసారి ఊరంతా వేషం కడుతుంది. భక్తి తక్కువేమీ కాదు. కానీ ఆ నాటకంలో యూదులు ఎన్నో తరాలపాటు దుర్మార్గుల మూకగా కనిపించారు. 1934లో మూడు వందల ఏళ్ళ ఉత్సవానికి హిట్లర్ వచ్చి చూశాడు. ఆ తరువాత యూదులకు ఏమి జరిగిందో తెలిసిన లోకం ఒత్తిడి చేస్తే, పాఠాన్ని దశాబ్దాలపాటు దిద్దుతూ వచ్చారు. "సిలువ వేయుము" అనే కేక ఎవరో గడ్డాలు అంటించుకున్న పరాయివారు వేస్తుంటే, మనం కుర్చీలో కూర్చుని వారిని అసహ్యించుకోవడం చాలా సులువు.

రోములో జరిగిన కతోలిక బిషప్పుల రెండవ వాటికన్ మహాసభ 1963లో ఆరాధన గురించి రాసిన పత్రంలో, విశ్వాసులు పరాయివారిలా, మౌన ప్రేక్షకుల్లా ఉండరాదని చెప్పింది. దానికన్నా ముందే, 1950లో వచ్చిన మన దక్షిణ ఇండియా సంఘపు బల్ల ఆరాధన (ప్రభు భోజనం) క్రమం, సమాధానాన్ని, అంటే శాంతి దీవెనను, చేతి నుంచి చేతికి అందించుకునే పాత ఆచారాన్ని తిరిగి తెచ్చింది. ఇప్పుడు అనేక దేశాల సంఘాలు అది చేస్తున్నాయి. మనలో కొందరు దాన్ని పక్కవాడి వేళ్ళ కొసలు తాకి ముగించేస్తారు, అది వేరే సంగతి.

అందుకని రాబోయే గుడ్ ఫ్రైడే కోసం ఒక పని ప్రతిపాదిస్తున్నాను. సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల మీద ఏడుగురు మాట్లాడే మూడు గంటల ఆరాధనలో, అయిదో మాటకు వచ్చేసరికి తలలు వాలిపోతాయని మనందరికీ తెలుసు. ప్రసంగాలు తగ్గించి, యోహాను 18, 19 అధ్యాయాలను గొంతులు పంచుకుని చదువుదాం. కతోలిక సోదరులు ఏటా చేసేదే ఇది. వేషాలు వద్దు, రంగులు వద్దు, నేపథ్య సంగీతం అసలే వద్దు. ఎవరి చోట వారు లేచి నిలబడి చదవాలి. కథ నడిపించే గొంతు ఒకటి, ప్రభువు మాటలకు ఒకటి, పిలాతుకు ఒకటి. ద్వారం దగ్గరి చిన్నదాని ప్రశ్న సండే స్కూల్ ఆడపిల్లకు ఇవ్వండి. "వీనిని వద్దు, బరబ్బను విడుదల చేయుము" అన్న కేక, "సిలువ వేయుము" అన్న కేక సంఘమంతా వేయాలి, మైకు లేకుండా.

"కైసరు తప్ప మాకు వేరొక రాజు లేడు" అన్న మాట ప్రధాన యాజకులది. దాన్ని కమిటీ సభ్యులు లేచి చదవాలి. తాను యేసు శిష్యుణ్ణి కానని బొంకిన పేతురు మాటలకు మాత్రం మనిషి దొరకడం కష్టమవుతుంది. పెద్దల్లో ఎవరూ ముందుకు రాకపోతే కాపరిగారే చదవాలి, యోహానులో ఆ మాటలున్న రెండుసార్లూ.