జాకెట్ చెయ్యి దూరే మిషన్: పాత బట్టలు ఆల్టర్ చేసుకునే వాళ్ల కోసం ఒక రివ్యూ

నమస్తే అండి, అందరూ బాగున్నారా? ఈరోజు నా బల్ల మీద రెండు ఉన్నాయి. ఒకటి ఈ కుట్టు మిషన్. రెండోది ఈ ఉన్ని బ్లేజర్. సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను. భుజాలు నాకు సరిగ్గా సరిపోయాయి, మిగతాదంతా పెద్దది. చేతులైతే వేళ్ల దాకా వచ్చేస్తున్నాయి, చూడండి.

ముందే చెప్పేస్తున్నాను, ఈ మిషన్ నేను కొనలేదు. కంపెనీ వాళ్లు రివ్యూ కోసం ఉచితంగా పంపారు. డబ్బులేమీ ఇవ్వలేదు, వీడియో ముందుగా చూపించమనీ అడగలేదు. ఆరు వారాలుగా దీని మీదే కుడుతున్నాను.

ఎన్ని రకాల కుట్లున్నాయి, మోటార్ ఎంత, బరువెంత, అవన్నీ మీరు ఎక్కడో ఒకచోట చూసే ఉంటారు. అవి మళ్లీ చదవను. ఆల్టరేషన్‌లో నేను వాడేది సాదా కుట్టు, జిగ్‌జాగ్, సాగే బట్టలకి స్ట్రెచ్ కుట్టు, అప్పుడప్పుడు ఒక కాజా. అంతే. మిగతా పువ్వులు, లతలు, ఆకులు ఈ ఆరు వారాల్లో ఒక్కసారి కూడా తిప్పి చూడలేదు.

నేను మాట్లాడాలనుకుంటున్నది దీని చెయ్యి గురించి. ఫ్రీ ఆర్మ్ అంటాం కదా, సూది కింద పక్కకి పొడుచుకొచ్చి, చుట్టూ ఖాళీగా ఉండే సన్నటి భాగం, అదన్నమాట.

కొత్త గుడ్డ కుట్టడం వేరు, ఎవరో కుట్టేసిన బట్టని మళ్లీ కుట్టడం వేరు. కొత్త గుడ్డ బల్ల మీద చక్కగా పరుచుకుని ఉంటుంది. కుట్టేసిన బట్టలో అన్నీ గొట్టాలే. చొక్కా చెయ్యి ఒక గొట్టం, ప్యాంటు కాలు ఒక గొట్టం, స్కర్టు నడుము ఒక గొట్టం. ఆ గొట్టం మిషన్‌కి తొడుక్కోవాలి. తొడుక్కోకపోతే పక్క కుట్టు విప్పేసి, గుడ్డని చదును చేసుకుని, కింద మడత కుట్టి, మళ్లీ పక్క మూసుకోవాలి. అప్పుడు మడత దగ్గర పక్క కుట్టు ఒక ముద్దలా తేలుతుంది. తొడుక్కుంటే బాగానే ఉన్నట్టుంటుంది కానీ, దగ్గరికొచ్చి చూసినవాళ్లకి అక్కడ చెయ్యి పడిందని ఇట్టే తెలిసిపోతుంది.

నేను మొదట నేర్చుకున్నది నల్లటి ఇనుప కాలి మిషన్ మీద. దాని కుట్టు ఎంత అందంగా ఉండేదో! ఇప్పటికీ అంత తిన్నటి కుట్టు నేను చూడలేదు. కానీ కింద అంతా బల్లే, చెయ్యి దూరే చోటే లేదు. ఆ తర్వాత తీసుకున్న మిషన్‌కి ఫ్రీ ఆర్మ్ ఉందని పెట్టె మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంది. ఇంటికి తెచ్చాక టేపు పెట్టి చుట్టూ కొలిచాను. ముప్పై ఒక్క సెంటీమీటర్లు. నా బ్లేజర్ చేతి అంచు చుట్టుకొలత ఇరవై ఏడు. మరి అది ఎలా దూరుతుంది? పేరుకి ఫ్రీ ఆర్మ్ ఉంది, నా పనికి లేదు. నాలుగేళ్లు అలాగే పక్క కుట్లు విప్పుకుంటూ లాగించాను.

అందుకే ఈ మిషన్ పెట్టె విప్పగానే దారం కూడా ఎక్కించలేదు, టేపు తీశాను. ఇదిగో, మీ ముందే మళ్లీ కొలుస్తున్నాను. ఇరవై నాలుగున్నర. నిజం చెప్తున్నాను, ఆ అంకె చూసి నేను లేచి నిలబడ్డాను.

ఇప్పుడు బ్లేజర్ చెయ్యి తొడుగుతున్నాను, దగ్గరగా చూపిస్తాను. ముందు లైనింగ్ అంచు విప్పి పెట్టుకున్నాను. ఈ లోపల చూడండి, మడతలో దాగిన గుడ్డ ఎంత ముదురు రంగులో ఉందో. బయటి గుడ్డ ఎండకి వెలిసిపోయింది, లోపలిది కొన్నప్పటి రంగులోనే మిగిలింది. అందుకే చేతులు పొడుగు చేయాలంటే జాగ్రత్త. పాత మడత గీత దగ్గర రెండు రంగులు పక్కపక్కనే కనిపిస్తాయి. పొట్టి చేస్తే ఆ ఇబ్బంది లేదు, గీత లోపలికి వెళ్లిపోతుంది. నేను మూడు సెంటీమీటర్లు లోపలికి మడిచాను. ఇప్పుడు లైనింగ్‌నీ పైగుడ్డనీ కలిపే కుట్టు. చెయ్యి మిషన్‌కి తొడిగేసి చుట్టూ తిప్పుతున్నాను. ఎక్కడా లాగడం లేదు. కింద పొర కుట్టులో పడిపోతుందేమోనన్న టెన్షన్ లేదు. వేళ్లతో కింద తడిమి చూసుకోవడానికి కూడా చోటుంది.

అయిపోయింది! ఒక చెయ్యి ఒకే చుట్టులో.

ఇదే పని పాత మిషన్ మీద చేసి ఉంటే, బ్లేజర్ చేతి పక్క కుట్టు మోచేతి దాకా విప్పాల్సి వచ్చేది. కుట్లు విప్పడం చిన్న విషయం కాదండి. కొత్త గుడ్డలో కుట్టు విప్పితే కన్నాలు పూడిపోతాయి. పాత పట్టులో, తోలులో పూడవు, సూది పడిన చోటల్లా చుక్కలా మిగిలిపోతుంది. ఎంత తక్కువ విప్పితే బట్ట అంత బాగుంటుంది. నాకు ఈ సన్నటి చెయ్యి అంత నచ్చడానికి కారణం అదే.

రెండోది వేగం. ఈ పక్కన చిన్న మీట ఉంది, దాన్ని కిందికి దించితే పెడల్ ఎంత తొక్కినా మిషన్ నెమ్మదిగానే నడుస్తుంది. ఒక్కో కుట్టు లెక్కపెట్టుకోవచ్చు. పాత కుట్టు చివర నుంచి కొత్త కుట్టు మొదలుపెట్టేటప్పుడు సూది సరిగ్గా పాత కన్నంలోనే పడాలి. చేత్తో చక్రం తిప్పుకుంటూ కూడా చేయొచ్చు కానీ, రెండు చేతులూ బట్ట మీద ఉంటే ఆ హాయే వేరు.

ఇక నన్ను విసిగించిన విషయం. ఇది చెప్పకుండా ఉండలేను. ఫ్రీ ఆర్మ్ కావాలంటే ముందున్న ఈ సామాన్ల డబ్బా లాగి తీయాలి. దాదాపు అన్ని మిషన్లకీ ఇంతే. దీని డబ్బాకి మూత సరిగ్గా బిగుసుకోదు. వినండి, ఈ శబ్దం... టక్ అనాలి, అనడం లేదు. లాగిన ప్రతిసారీ మూత తెరుచుకుని బాబిన్లు, అంటే కింది దారం చుట్టే చిన్న చక్రాలు, నేల మీద దొర్లుతాయి. ఆరు వారాల్లో ఎన్నిసార్లు కుర్చీ దిగి బల్ల కింద వెతికానో! ఒకటి ఇప్పటికీ దొరకలేదు. ఈ మిషన్‌లో అన్నిటికన్నా మంచి భాగం వాడాలంటే అన్నిటికన్నా చెత్త భాగం ముట్టుకోవాలి. ఇంత బాగా ఆలోచించి చెయ్యి తయారు చేసినవాళ్లు ఈ చిన్న గొళ్లెం ఎలా వదిలేశారో నాకు అర్థం కావడం లేదు. కంపెనీ వాళ్లు ఈ వీడియో చూస్తే, దయచేసి ఇది మార్చండి. ప్రస్తుతానికి రబ్బరు బ్యాండ్ వేసి పెట్టాను.

జీన్స్ సంగతి చాలామంది అడిగారు. జీన్స్ పొట్టి చేసేటప్పుడు పక్క కుట్టు దగ్గర గుడ్డ చాలా పొరలుగా మందం అవుతుంది. గుడ్డని నొక్కి పట్టే మిషన్ పాదం ఆ మెట్టు ఎక్కేటప్పుడు ముందు భాగం పైకి లేస్తుంది, వెనక వాలుతుంది. అప్పుడు గుడ్డని జరిపే కింది పళ్లకి దాని మీద పట్టు దొరకదు. కుట్లు ఒకేచోట పడిపోతాయి, సూది వంగుతుంది. నా పాత మిషన్ మీద అలాగే సూది విరిగి, మొన ఎగిరి నా కళ్లజోడుకి తగిలింది. ఆ రోజు నుంచి కళ్లజోడు లేకుండా జీన్స్ కుట్టను, మీరూ కుట్టకండి.

దీని పాదానికి పక్కన చిన్న నల్ల బటన్ ఉంది. మెట్టు దగ్గరికి రాగానే పాదం సమంగా పట్టుకుని ఇది నొక్కితే, పాదం వాలకుండా అలాగే నిలబడి మెట్టు ఎక్కుతుంది. ఎక్కేశాక దానంతటదే వదిలేస్తుంది. ఈ బటన్ లేని మిషన్ మీదైతే, అదే జీన్స్ ముక్కని మడిచి పాదం వెనక కింద పెట్టండి, ఎత్తు సమం అవుతుంది. ఈ మిషన్ మెట్టు దాటింది. కానీ రెండోసారి మడిచిన మందం దగ్గర మూలిగింది, అక్కడ నేను చక్రం చేత్తో తిప్పాను. రోజూ జీన్సే కుట్టేవాళ్లకి ఇది సరిపోదు. నెలకి ఒకటీ రెండూ అయితే ఫరవాలేదు.

జీన్స్ మాట వచ్చింది కాబట్టి, పాత జీన్స్ దొరికితే కత్తెర పెట్టే ముందు లేబుల్ చూడండి. లివైస్ వెనక జేబు మీద ఎర్ర ట్యాబ్ ఉంటుంది. దాని మీద పేరులో ఇంగ్లీషు 'ఈ' (E) పెద్ద అక్షరంగా ఉంటే, అది మామూలుగా 1971కి ముందుది. ఇటీవల పాత పద్ధతిలో మళ్లీ తయారు చేసినవాటి మీద కూడా పెద్ద అక్షరం ఉంటుంది కాబట్టి మిగతా గుర్తులు కూడా చూసుకోవాలి. నిజంగా అంత పాతదే అయితే దయచేసి కోయకండి. లోపలికి మడిచి, పొడుగు కచ్చా కుట్టు, అంటే తర్వాత సులువుగా తీసేసే తాత్కాలిక కుట్టు, వేసుకుని తొడుక్కోండి.

కచ్చా కుట్టు అంటే గుర్తొచ్చింది, ఈ మిషన్‌లో కుట్టు పొడవు ఐదు మిల్లీమీటర్ల దాకా వెళ్తుంది. పై దారం టెన్షన్, అంటే బిగువు, తగ్గించి ఆ పొడవుతో కుడితే, తర్వాత కింది దారం ఒక కొస పట్టుకుని లాగగానే మొత్తం వచ్చేస్తుంది. నేను ప్రతి ఆల్టరేషన్ ముందు ఇలాగే కుట్టి, తొడుక్కుని, కూర్చుని, చేతులు పైకెత్తి చూసుకుంటాను. గుండుసూదులు పెట్టుకుని అద్దం ముందు నిలబడితే బట్ట నిజం చెప్పదు. కూర్చున్నప్పుడే చెప్తుంది.

సూదుల గురించి రెండు మాటలు. మిషన్‌తో పాటు తొంభై నంబరు సూది ఇచ్చారు. ఆ అంకె సూది లావు, మిల్లీమీటర్‌లో వందో వంతుల్లో. తొంభై అంటే 0.9 మిల్లీమీటర్లు. పల్చటి పాత రేయాన్, పట్టు బట్టలకి అది లావు, డెబ్బై వేయండి. జీన్స్‌కి వంద. టీ షర్టుల్లాంటి అల్లిక బట్టలకి మొన గుండ్రంగా ఉండే బాల్‌పాయింట్ సూది. పాత గుడ్డలకి కుట్టు మరీ దగ్గరగా వేయకండి, పోస్టల్ స్టాంపు అంచులా చిల్లులు పడి అక్కడే చిరిగిపోతుంది. రెండున్నర నుంచి మూడు మిల్లీమీటర్లు ఉంచండి.

ఒక గులాబీ రంగు పాత గౌను కూడా దీని మీద కుట్టాను. పక్కన లోహపు జిప్పు ఉంది, లోపల ఉతికే సూచనల లేబుల్ లేదు. అమెరికాలో ఆ లేబుల్ కుట్టడం 1972 నుంచి చాలా బట్టలకి తప్పనిసరి అయింది. కాబట్టి అక్కడ కుట్టిన బట్టలో లేబుల్ లేకపోతే అది అంతకు ముందుది కావచ్చు, లేదా ఎవరో కత్తిరించి ఉండొచ్చు. ఏదైనా సరే, గుడ్డ ఏమిటో తెలియకుండా నీళ్లలో వేయకండి. లోపలి మార్జిన్ నుంచి రెండు పోగులు తీసి మంట దగ్గర పెట్టాను. కాగితం కాలిన వాసన వచ్చి బూడిదైతే నూలు, రేయాన్ లాంటివి. కరిగి గట్టి పూసలా ముద్ద కడితే పాలిస్టర్, నైలాన్. నాది బూడిదైంది. దాని నడుము నాలుగు సెంటీమీటర్లు తగ్గించాలి. మొత్తం పక్క కుట్లలో తీసేస్తే జిప్పు కూడా కదపాలి, పైగా పక్కలు ముందుకు లాగినట్టు ఉంటాయి. అందుకే వెనక రెండు డార్టుల్లో, అంటే ఒంటికి అమరడానికి గుడ్డని మొనదేలేలా మడిచి కుట్టిన చోట్ల, కొద్దికొద్దిగా తీశాను. ఈ పల్చటి గుడ్డని కింది పళ్లు మింగేస్తాయేమోనని భయపడ్డాను. టిష్యూ కాగితం కింద పెట్టి కుట్టాను, ఒక్క ముడత రాలేదు.

ఇంతకీ తీసుకోవాలా వద్దా? మీరు కొత్త గుడ్డే కుడతారు, కర్టెన్లు, దిండు కవర్లు కుడతారు అంటే ఈ మిషన్ కోసం ఆరాటపడక్కర్లేదు. అంతకన్నా దృఢమైనవి ఉన్నాయి. కానీ మీ బీరువాలో చేతులు పొడుగైన జాకెట్లు, కాళ్లు వెడల్పైన ప్యాంట్లు వరుసగా వేలాడుతుంటే, ఎప్పటికైనా సరిచేద్దామని దాచుకుని ఉంటే, తీసుకోండి. లైటు కాస్త మసకగా ఉంది, దారం కత్తిరించే బ్లేడు అంత పదును లేదు, డబ్బా సంగతి చెప్పనే చెప్పాను. అయినా ఆ ఇరవై నాలుగున్నర కోసం వీటన్నిటినీ భరిస్తాను. ఏ మిషన్ కొన్నా సరే, కొనే ముందు టేపు తీసుకెళ్లి చెయ్యి చుట్టూ కొలవండి, మీ చొక్కా ఒకటి తీసుకెళ్లి తొడిగి చూడండి.

రివ్యూ అయ్యాక తిరిగి పంపమంటే పంపుతానని కంపెనీ వాళ్లకి ముందే చెప్పాను. ఉంచుకోమన్నారు. ఉంచుకుంటున్నాను. సరే, బ్లేజర్ రెండో చెయ్యి మిగిలింది. ఇదిగో, తొడిగేస్తున్నాను.