చీమకుర్తి గ్రానైట్ షాపు వెబ్‌సైట్ రివ్యూ: చూసినవాళ్లు ఫోన్ ఎందుకు చేయలేదు?

నమస్కారం అండి. ఒంగోలు నుంచి మాట్లాడుతున్నాను. ఈ రోజు మనం చూడబోయేది ఒక గ్రానైట్ షాపు వెబ్‌సైట్. షాపు చీమకుర్తి వెళ్లే దారిలో ఉంది. ఓనర్ గారు నాకు ఫోన్ చేసి ఒక్కటే అడిగారు. "తమ్ముడూ, సైట్‌కి జనం వస్తున్నారంట, చూస్తున్నారంట. నాకు మాత్రం ఒక్క ఫోన్ రావట్లా. వీళ్లంతా ఎటు పోతున్నారు?" షాపు పేరు, నంబరు కనపడకుండా చూపిస్తానంటే సరేనన్నారు. అందుకే స్క్రీన్ మీద అక్కడక్కడా మూసేసి ఉంటుంది, ఏమీ అనుకోకండి.

చీమకుర్తి గురించి మన వాళ్లకు నేను చెప్పక్కర్లేదు. నల్లటి రాయి, అందులో బంగారు రంగు చుక్కలు. బ్లాక్ గెలాక్సీ. దేశవిదేశాల్లో ఎక్కడ ఈ రాయి కనపడినా దాని పుట్టిల్లు ఇదే. ఇంత మంచి సరుకు పెట్టుకుని కూడా ఎంక్వైరీ రాలేదంటే, లోపం రాయిలో లేదు. చూపించే తీరులో ఉంది.

నేను ఏ సైట్ చూసినా ల్యాప్‌టాప్‌లో మొదలుపెట్టను. ఫోన్‌లో, వైఫై ఆపేసి, సిమ్ డేటా మీద తెరుస్తాను. ఎందుకంటే ఈ షాపుకి వచ్చే మనిషి దర్శిలోనో కొండపిలోనో సగం కట్టిన ఇంట్లో నిలబడి ఉంటాడు. పక్కన మేస్త్రీ "మెట్లకు రాయి ఏది తెస్తున్నారు సార్?" అని అడుగుతుంటాడు. ఆయన చేతిలో ఉండేది ఫోనే. ఆ ఎండలో, ఆ సిగ్నల్‌లో మన పేజీ తెరుచుకోవాలి.

ఇదిగో, తెరుస్తున్నా చూడండి. తెల్లగా ఉంది... ఇంకా తెల్లగానే ఉంది... ఇప్పుడు పైన పేరు వచ్చింది, ఫొటో ఇంకా రాలేదు. పేజీలో అన్నిటికంటే పెద్దగా కనపడే భాగం 2.5 సెకన్లలోపు వస్తేనే బాగున్నట్టు అని గూగుల్ పెట్టుకున్న లెక్క. పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్ అని వాళ్లదే ఉచిత టూల్ ఉంది, అందులో మీ సైట్ అడ్రస్ వేస్తే చూపిస్తుంది. ఇక్కడ ఇంత ఆలస్యం ఎందుకు? ఫోన్‌లో తీసిన ఫొటోలు తీసినట్టే ఎక్కించేశారు. ఒక్కొక్కటి 5 ఎంబీ. అలాంటివి పద్నాలుగు. అంటే మొదటి పేజీ చూడటానికే 70 ఎంబీ డేటా. వాటిని 1200 పిక్సెల్స్ వెడల్పుకి తగ్గించి వెబ్‌పీ అనే తేలికైన ఫొటో ఫార్మాట్‌లోకి మారిస్తే ఒక్కొక్కటి 150 కేబీ, 200 కేబీకి వచ్చేశాయి. ఫోన్ తెర మీద తేడా ఏమీ తెలియదు. అరగంట పని.

ఫొటోల దగ్గర ఇంకాసేపు ఆగుదాం. ఈ వ్యాపారంలో కళ్లు చూసి నచ్చితేనే చెయ్యి ఫోన్ మీదకు వెళ్తుంది. ఇది వాళ్ల గెలాక్సీ స్లాబు ఫొటో. జూమ్ చేస్తున్నా. ఏం కనపడుతోంది? పైన రేకుల షెడ్డు, ఫొటో తీస్తున్న అబ్బాయి, అతని చేతిలో ఫోన్. అద్దంలా పాలిష్ పెట్టిన నల్ల రాయి కదా, ఎదురుగా ఉన్నదంతా అందులో పడుతుంది. రాయిలో చుక్కలు మాత్రం కనపడటం లేదు. మేం ఏం చేశామంటే, పొద్దున ఎనిమిది గంటలప్పుడు స్లాబుని షెడ్డు బయటికి తెప్పించి, కాస్త పక్కకు జరిగి ఏటవాలుగా తీశాం. ఎండ తగలగానే చుక్కలు మెరిశాయి. రాయి మీద ఒక పది రూపాయల బిళ్ల పెట్టాం. ఎందుకంటే "చుక్క పెద్దదా, చిన్నదా?" అని ప్రతి ఒక్కరూ అడిగే రాయి ఇది. బిళ్ల పక్కన చూస్తే ఎవరూ చెప్పకుండానే సైజు తెలిసిపోతుంది. పాతది, కొత్తది పక్కపక్కన పెడుతున్నా. ఒకే రాయి అండి ఇది, నమ్మండి.

ఇప్పుడు రాత సంగతి. పాత పేజీ మీద పెద్ద అక్షరాల్లో "వెల్‌కమ్ టు అవర్ వెబ్‌సైట్" అని ఉంది. కింద "క్వాలిటీ ఈజ్ అవర్ మోటో". ఆ కింద మూడు బొమ్మలు వాటంతట అవే జరుగుతుంటాయి. అక్కడ నిలబడ్డ మనిషి అడగాలనుకున్న ఒక్క ప్రశ్నకైనా ఇందులో జవాబు ఉందా? నేను ఓనర్ గారికి ఒక పని చెప్పాను. "అన్నా, షాపు ఫోన్ పక్కన ఒక నోట్‌బుక్ పెట్టండి. వారం రోజులు ఎవరు ఫోన్ చేసినా, షాపుకి వచ్చినా, వాళ్లు మొదట అడిగిన మాట వాళ్లు అన్నది అన్నట్టే రాయండి" అన్నాను. ఆయన రాశారు. ఆ పేజీ ఇదిగో.

"అడుగు ఎంత?" "కటింగ్ మీరే చేసిస్తారా, మా మేస్త్రీ చేసుకోవాలా?" "కావలికి బాడుగ ఎంత పడుద్ది?" "సింకుకి రంధ్రం కొట్టిస్తారా?" "నిమ్మకాయ రసం పడితే మచ్చ పడుద్దా?" "పది అడుగుల వంటింటి గట్టుకి ఎంత రాయి కావాలి?"

నాకు ఈ నోట్‌బుక్ చూసినప్పుడు నిజంగా సంతోషం వేసింది. వెబ్‌సైట్‌లో ఏం రాయాలో కొనేవాళ్లే చెప్పేశారు. ఈ ప్రశ్నలే హెడ్డింగులు. కింద జవాబులు. ఓనర్ గారు షాపులో నోటితో ఎలా చెప్తారో అలాగే రాశాం.

ఉదాహరణకి గట్టు లెక్క. పది అడుగుల పొడవు, రెండు అడుగుల వెడల్పు అంటే 20 చదరపు అడుగులు. ఎల్ ఆకారంలో ఇంకో ఆరు అడుగులు తిరిగితే మరో 12. మొత్తం 32. దాని మీద కటింగ్‌లో పోయే ముక్కలకు కొంత కలుపుకోవాలి. అంతే. బాడుగ ప్రశ్న కూడా అంతే. 20 మిల్లీమీటర్ల మందం ఉన్న గెలాక్సీ రాయి చదరపు అడుగుకి సుమారు అయిదున్నర కిలోలు తూగుతుంది. వంద అడుగులు తీసుకుంటే అర టన్ను దాటిపోతుంది. బండి ఎందుకు కట్టాలో, బాడుగ ఎందుకు పడుతుందో ఈ లెక్క చూస్తే ఎవరికైనా అర్థమవుతుంది. ఇక నిమ్మకాయ. మార్బుల్ అయితే నిమ్మరసానికి మెరుపు పోతుంది. గ్రానైట్‌కి అంత భయం లేదు, ఎప్పటికప్పుడు తుడుచుకుంటే చాలు. ఈ నాలుగు ముక్కలు చదివిన మనిషికి "వీళ్లకు పని తెలుసు" అనిపిస్తుంది. ఆ నమ్మకం కుదిరిన చోటే ఫోన్ బటన్ ఉండాలి. మేం ప్రతి జవాబు కిందా పెట్టాం.

రేటు దగ్గర మాత్రం మా ఇద్దరికీ కుదరలేదు. "రేటు పెడితే పక్క షాపు వాళ్లు చూసి అర్ధ రూపాయి తగ్గించి చెప్తారు" అని ఆయన అంటారు. ఆయన భయం నాకు అర్థమవుతుంది, ముప్పై ఏళ్లు ఆ పోటీలో నలిగిన మనిషి. అయినా నా మాట మారదు. నోట్‌బుక్‌లో మొదటి ప్రశ్న అదే అయినప్పుడు, దాని గురించి ఒక్క మాట కూడా లేని పేజీని ఎవరూ నమ్మరు. చివరికి సగం దూరం వచ్చారు. ఎంత అన్నది రాయలేదు. రేటు దేన్ని బట్టి మారుతుందో రాశాం: మందం, పాలిష్, చుక్క, లాటు. రేటులో ఏవి కలిసి ఉంటాయి, ఎడ్జ్ పాలిష్, సింకు కటింగ్, బాడుగల్లో ఏవి విడిగా పడతాయి, అవి కూడా రాశాం. "ఇన్ని రూపాయల నుంచి" అన్న అంకె కూడా ఉండాలని ఇప్పటికీ అడుగుతూనే ఉన్నాను.

బటన్ల దగ్గరికి వద్దాం. పాత పేజీలో ఫోన్ నంబరు ఎక్కడుందో చూడండి. విజిటింగ్ కార్డుని ఫొటో తీసి అడుగున అతికించారు. నొక్కితే ఏమీ జరగదు. నంబరు చూసి, గుర్తుపెట్టుకుని, వెనక్కి వెళ్లి డయల్ చేయాలి. దాన్ని తీసేసి, నొక్కగానే కాల్ వెళ్లే బటన్ పెట్టాం. పేజీ ఎంత కిందికి జరిపినా అది తెర అడుగునే ఉంటుంది.

వాట్సాప్ బటన్ అయితే ముందే ఉంది. నొక్కుతున్నా. చూశారా, ఈ నంబరు వాట్సాప్‌లో లేదు అంటోంది. నంబరు ఉంది, వాట్సాప్ కూడా ఉంది. లింకులో 91 తర్వాత ఒక సున్నా పడింది, అంతే. వాట్సాప్ లింకులో దేశం కోడ్, వెంటనే పది అంకెల నంబరు. మధ్యలో సున్నా, ప్లస్, గీత ఏవీ ఉండకూడదు. ఆ ఒక్క సున్నా వల్ల ఎన్నాళ్ల నుంచి ఎంతమంది వెనక్కి పోయారో! కొత్త లింకులో మెసేజ్ కూడా ముందే రాసి పెట్టాం: "వెబ్‌సైట్ చూశాను. పని: గట్టు / మెట్లు / ఫ్లోరింగ్. కొలత: ... ఊరు: ..." నొక్కినవాళ్లు ఖాళీలు నింపి పంపితే చాలు. ఎవరు సైట్ చూసి వచ్చారో ఓనర్ గారికి వేరే లెక్కలు లేకుండానే తెలుస్తుంది.

ఇక ఫారం. తొమ్మిది గళ్లు. పేరు, కంపెనీ పేరు, ఈమెయిల్, సబ్జెక్టు, పిన్‌కోడ్... ఇల్లు కట్టుకునే రైతు కంపెనీ పేరు ఏం రాస్తాడు? మూడే ఉంచాం: పేరు, ఫోన్, ఏ పనికి రాయి కావాలి. విదేశాల ఆర్డర్ల వాళ్లకు ఇంగ్లీషులో వేరే పేజీ ఉంది, దాని సంగతి వేరు.

కానీ నన్ను బాధపెట్టింది గళ్ల సంఖ్య కాదు. నేను పాత ఫారం నింపి పంపాను. "థాంక్యూ" అని వచ్చింది. ఓనర్ గారి మెయిల్‌లో చూస్తే ఏమీ లేదు, స్పామ్‌లో కూడా లేదు. వెతికితే తేలిందేమిటంటే, సైట్ చేసినవాళ్లు ట్రయల్ కోసం పెట్టిన వేరే మెయిల్ అడ్రస్ మార్చకుండా వదిలేశారు. ఎంక్వైరీలన్నీ అక్కడికి పోతున్నాయి. వాళ్లను అడిగి ఆ మెయిల్ తెరిపించాం. ఒకటి చదువుతాను. "దర్శి దగ్గర ఇల్లు కడుతున్నాం. పద్దెనిమిది మెట్లు. సంక్రాంతికి గృహప్రవేశం. కొంచెం తొందరగా చెప్పండి." ఓనర్ గారు అది రెండుసార్లు చదువుకుని అక్కడికక్కడే ఫోన్ చేశారు. "టైల్స్ వేసేశామండి, అయిపోయింది" అన్నారు అవతల. ఆయన క్షమాపణ చెప్పి పెట్టేశారు. తర్వాత చాలాసేపు ఏం మాట్లాడలేదు.

మెయిల్ అడ్రస్ మార్చినంత మాత్రాన కూడా సరిపోదండి. తనకు మెయిల్ పంపేవాళ్లందరికీ ఎస్‌పీఎఫ్ గానీ డీకిమ్ గానీ ఉండాలని జీమెయిల్ 2024 ఫిబ్రవరి నుంచి నియమం పెట్టింది. ఈ మెయిల్ నిజంగా మీ డొమైన్ నుంచే వచ్చిందని చెప్పే సెట్టింగులు ఇవి. సైట్ చేసినవాళ్లను "ఈ రెండూ పెట్టారా?" అని అడగండి. ఇంకో మాట. గూగుల్‌లో షాపు వివరాలు పెట్టుకునే బిజినెస్ ప్రొఫైల్‌లో ఉచితంగా చేసుకున్న సైట్లను గూగుల్ 2024 మార్చిలో ఆపేసింది. మీ విజిటింగ్ కార్డు మీద, షాపు బోర్డు మీద ఆ పాత అడ్రస్ ఉందేమో చూసుకోండి.

ఇదిగో, కొత్త ఫారం ఇప్పుడు మీ ముందే నింపుతున్నా. పేరు, ఫోన్, "మెట్లకు". పంపాను. ఓనర్ గారి ఫోన్ టేబుల్ మీద ఉంది, దాని మీదే కెమెరా పెట్టాను. వచ్చింది, విన్నారా? ఇప్పుడు ఆయనే చేస్తున్నారు నాకు. "చెప్పు తమ్ముడూ, ఎన్ని మెట్లు?"

రేటు పేజీ గురించి ఆయన ఒప్పుకున్న రోజు రెండో వీడియో చేస్తాను. ఉంటానండి.