కొండ కూలితే ఎంత దూరం పోతుంది?

శ్రోతలకు నమస్కారం.

1881 సెప్టెంబరు 11న స్విట్జర్లాండ్‌లోని ఎల్మ్ అనే ఊరి మీద కొండ విరిగిపడింది. పలకరాయి కోసం కొండను అడుగు నుంచి తవ్వుకుంటూ పోవడంతో పైభాగానికి ఆధారం లేకుండా పోయింది. సుమారు కోటి ఘనమీటర్ల రాయి కిందికి వచ్చింది. వందమందికి పైగా చనిపోయారు. ఆ రాళ్లు కొండ కింద గుట్టగా పడి ఆగలేదు. దాదాపు చదునుగా ఉన్న లోయలోకి పరుగెత్తాయి. బతికి బయటపడ్డవాళ్లతో మాట్లాడి ఈ ఘటనను పరిశీలించిన భూగర్భ శాస్త్రవేత్త ఆల్బర్ట్ హైమ్. రాళ్లు అంత దూరం ఎలా పోయాయన్న విషయంలో శాస్త్రవేత్తల మధ్య ఇప్పటికీ ఏకాభిప్రాయం లేదు.

రాయి మీద రాయి జారితే ఘర్షణ అడ్డుపడుతుంది. మామూలు లెక్క ప్రకారం 600 మీటర్ల ఎత్తు నుంచి జారిన రాయి, అడ్డంగా ఒక కిలోమీటరు పోయేసరికి ఆగిపోవాలి. బరువు పెరిగితే కిందికి లాగే బలం ఎంత పెరుగుతుందో ఘర్షణా అంతే పెరుగుతుంది. అంటే బండ అయినా కొండ అయినా ఒకే లెక్క. చిన్నవి దానికి కట్టుబడే ఉంటాయి. సుమారు పది లక్షల ఘనమీటర్లు దాటితే మాత్రం లెక్క తప్పుతుంది. పరిమాణం పెరిగేకొద్దీ దూరమూ పెరుగుతుంది. కాలిఫోర్నియాలో చరిత్రకు ముందు కాలంలో జారిన బ్లాక్‌హాక్ కొండ రాళ్లు సుమారు 8 కిలోమీటర్ల పొడవున పరుచుకుని ఉన్నాయి.

రాళ్ల కింద గాలి చిక్కుకుని, వాటిని మోసుకుపోయిందని 1960లలో రొనాల్డ్ ష్రీవ్ అనే శాస్త్రవేత్త అన్నారు. వినడానికి బాగుంటుంది. కానీ గాలి చాలా పలచగా ఉండే అంగారకుడి మీద కూడా రాళ్లు పదుల కిలోమీటర్లు పోయాయి. గాలే లేని చంద్రుడి మీదా అలాంటి జాడలున్నాయి.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది ఇంకొకటి. అంత వేగంగా కూలిన రాళ్లు కలగాపులగం అయిపోతాయనుకుంటాం. ఆగిన చోట తవ్వి చూస్తే, కొండలో ఏ పొర మీద ఏ పొర ఉండేదో తరచుగా అదే వరుసలో కనిపిస్తాయి, పేకముక్కల కట్టను బల్ల మీద తోసినట్టు. కాబట్టి ఇది సుడులు తిరిగే వరద లాంటిది కాదు. కదలికంతా ఎక్కువగా అడుగున పలచటి పొరలోనే జరుగుతూ ఉండాలి. అక్కడ రాయి పొడి అవుతుంది, వేడెక్కుతుంది. ఆస్ట్రియాలోని కోఫెల్స్ దగ్గర ఆ వేడికి రాయి కరిగిన ఆనవాళ్లు కూడా దొరికాయి. రాళ్ల మధ్య పుట్టే తీవ్రమైన కంపనాలు రాయి మీద రాయి మోపే ఒత్తిడిని క్షణక్షణం తగ్గిస్తాయని, దాంతో ఘర్షణా తగ్గుతుందని జే మెలోష్ అనే శాస్త్రవేత్త 1979లో ప్రతిపాదించారు. నా ఉద్దేశంలో అన్నిచోట్లా ఒకే కారణం పనిచేయాలని లేదు.

కొలతలోనూ చిక్కుంది. మనం కొలిచేది అన్నిటికన్నా ముందు పోయిన రాయి దూరం. రాశి పరుచుకునేటప్పుడు ముందు అంచు చాలా దూరం పోతుంది, మధ్యభాగం అంత దూరం పోదు.

మంచు తోడైతే ప్రమాదం ఇంకా పెద్దది. 2021 ఫిబ్రవరిలో ఉత్తరాఖండ్‌లోని చమోలీ జిల్లాలో రాయితో పాటు మంచూ కూలింది. ఘర్షణ వేడికి ఆ మంచు కరిగి, బురద వరదై నదిలో దూసుకుపోయింది.

స్విట్జర్లాండ్‌లోనే బ్రియెంజ్ అనే ఊరిని 2023 మే నెలలో ముందుగానే ఖాళీ చేయించారు. జూన్‌లో రాళ్లు ఊరి అంచు దాకా వచ్చాయి. అలాంటి నిర్ణయం తీసుకోవాలంటే కొండలో ఎంత భాగం కదులుతోందో, అది ఎక్కడిదాకా రాగలదో అంచనా వేయాలి. మొదటిది పరికరాలతో కొలవచ్చు. రెండోదానికి ఇప్పటికీ పాత ప్రమాదాల కొలతలే పెద్ద ఆధారం.