ఇనుమును వంచి చూసే పరీక్ష

నమస్కారం. ఈ పూట కాసేపు నిప్పురవ్వల కబుర్లు చెప్పుకుందాం. మా మేనల్లుడు కెనడాలో, ఒంటారియోలో ఒక గవర్నమెంట్ కాలేజీలో రెండేళ్ల వెల్డింగ్ డిప్లొమా చదువుతున్నాడు. చదువుతున్నాడు అనగానే మా ఊళ్లో నవ్వారు, గేట్లు చేసే షాపులో ఆర్నెల్లు కూర్చుంటే వచ్చే పనికి అంత దూరం పోవాలా అని. నేనూ నవ్వాను, అబద్ధమెందుకు. మొన్న వాడు ఫోన్లో బెండ్ టెస్ట్ గురించి చెప్పాక మాత్రం నవ్వడం మానేశాను.

వేలంత మందమున్న రెండు ఇనప పలకల అంచులు ఏటవాలుగా కోసి, పక్కపక్కనే నిలువుగా బిగించి, కింది నుంచి పైకి అతుక్కుంటూ రమ్మంటారట. కరిగిన ఇనుము కిందికి జారాలని చూస్తుంది, మనం జారనివ్వకూడదు. ఒక వరస వేయాలి, పైన గట్టిపడ్డ మడ్డిని, అదే స్లాగ్‌ని, సుత్తితో కొట్టి బ్రష్షుతో గీకాలి, మళ్లీ వరస, మళ్లీ సుత్తి, మళ్లీ బ్రష్షు. అంతా అయ్యాక అతుక్కి అడ్డంగా పట్టీలు కోసి, గ్రైండింగ్ చేసి, ప్రెస్‌లో పెట్టి యూ ఆకారంలో వంచేస్తారు, ఒక పట్టీని ముందువైపుకి, ఇంకోదాన్ని వెనకవైపుకి. మామూలుగా పగులు 3 మిల్లీమీటర్లు దాటిందంటే ఫెయిల్. అంటే బియ్యపు గింజలో సగం!

మావాడు మొదటిసారి ఫెయిలే. పైకి అతుకు అద్దంలా ఉందట, వంచగానే నోరు తెరిచింది, లోపల నల్లటి స్లాగ్ గీత. "ఒక్క వరస దగ్గర బ్రష్షు సరిగ్గా కొట్టలేదు మామయ్యా" అన్నాడు. నాకైతే ఈ పరీక్ష తెగ నచ్చింది. మా రోజుల్లో పరీక్షల్లో అక్షరం గుండ్రంగా ఉంటే నాలుగు మార్కులు పడేవి, ఇక్కడ పైమెరుగుకి ఏమీ పడవు.

సరే, టైమ్ తక్కువుంది, అసలు విషయం ఒక్కటే. ఈ కబుర్లు విని మా వీధిలో ఇంకో అబ్బాయి కూడా వెల్డింగ్‌కే పోతానని ఒక బ్రోచర్ పట్టుకొచ్చాడు. కోర్సు బాగానే ఉంది. విదేశీ విద్యార్థుల్ని చేర్చుకునే అనుమతి, అదే డీఎల్ఐ నంబర్, అదీ ఉంది. కానీ అది ప్రైవేట్ కెరీర్ కాలేజీ, అంటే ఉద్యోగాలకి పని నేర్పే ప్రైవేటు సంస్థ. డీఎల్ఐ ఉంటే చదువుకోవడానికి వీసా అడగొచ్చు, అంతవరకే. చదువయ్యాక అక్కడే ఉద్యోగం చేసుకోనిచ్చే పర్మిట్, అందరూ పీజీడబ్ల్యూపీ అంటారే, అది మామూలుగా ఇలాంటి ప్రైవేట్ కెరీర్ కాలేజీల వాళ్లకి రాదు. 2024 నవంబర్ నుంచి డిప్లొమాల్లో ఏ సబ్జెక్టు అన్నదీ చూస్తున్నారు, వెల్డింగ్ లాంటి చేతిపనులు ఆ పర్మిట్‌కి పనికొచ్చే సబ్జెక్టుల జాబితాలో ఉన్నాయి, కానీ సబ్జెక్టు ఉన్నా కాలేజీకి అర్హత లేకపోతే లాభం లేదు.

చూసుకోవడం కష్టమేం కాదు. కెనడా ఇమిగ్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో కాలేజీల జాబితా ఉంది, అందులో ప్రతి పేరు పక్కనా ఈ పర్మిట్‌కి పనికొచ్చే కోర్సులున్నాయా లేదా అని ఎస్ ఆర్ నో రాసి ఉంటుంది. ఆ అబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకుని చూశాను. నో అని ఉంది. కన్సల్టెన్సీకి ఇంకా డబ్బు కట్టలేదట, బతికిపోయాడు.