కరవకుండా మందను తోలే కుక్క

[దృశ్యం: పచ్చని కొండవాలు. దూరంగా తెల్లని చుక్కల్లా ఐదు గొర్రెలు. ఇవతల ఒక మనిషి, పక్కనే నలుపు తెలుపు కుక్క.]

ఆ గొర్రెలు కనిపిస్తున్నాయా? ఈయనకూ వాటికీ మధ్య దాదాపు 400 గజాలు. ఆయన నిలబడ్డ చోటి నుంచి అడుగు కదపడు. కుక్క ఒక్కటే వెళ్లాలి. ఒక్క గొర్రెనూ కరవకుండా, మంద చెదరకుండా ఆయన దగ్గరికి తోలుకురావాలి.

దీని పేరు బోర్డర్ కోలీ. ఇంగ్లండ్, స్కాట్లాండ్ సరిహద్దు కొండల జాతి. 1893లో ఇంగ్లండ్‌లోని నార్తంబర్లాండ్‌లో పుట్టిన ఓల్డ్ హెంప్ అనే కుక్కను ఈ జాతికి మూలపురుషుడిగా చెప్పుకుంటారు. అరుపులూ హడావిడీ లేకుండా గొర్రెలను కదిలించేదని దానికి పేరు.

మన దగ్గర గొల్లలు, కురుమలు మంద వెంట ఉంచుకునే కుక్కలు ఎక్కువగా కావలికి. తోడేలు వాసన తగిలితే లేచి మొరుగుతాయి, ఎదురు తిరుగుతాయి. మందను మళ్లించేది మాత్రం కాపరే, కర్రతోనో కేకతోనో ఈలతోనో. బోర్డర్ కోలీ చేసేది ఆ కాపరి పని.

[దృశ్యం: కుక్క ముఖం దగ్గరగా. తల కిందికి వంచి, రెప్ప వేయకుండా చూస్తోంది.]

ఈ చూపు గమనించండి. తోడేలు వేటాడేటప్పుడు ముందు వెతుకుతుంది, చూపు నిలుపుతుంది, పొంచి నడుస్తుంది, తరుముతుంది, చివరికి పట్టి చంపుతుంది. కాపరులు తరతరాలుగా కుక్కలను ఏరి ఏరి పెంచి, మొదటి మెట్లను బలంగా నిలిపారు, చివరి మెట్టును అణిచారు. గొర్రెకు మాత్రం అది ఇప్పటికీ వేటమృగం చూపే. అందుకే కదులుతుంది.

గొర్రె తన చుట్టూ కనిపించని గిరి ఒకటి గీసుకుని ఉంటుంది. కుక్క ఆ గిరికి బయట ఉంటే గొర్రె తల ఎత్తి చూస్తుంది, అంతే. అంచు మీద కాలు పెడితే నెమ్మదిగా అటు తిరిగి నడుస్తుంది. లోపలికి దూకితే బెదిరి పరుగు తీస్తుంది, ఇక మంద చెల్లాచెదురు. శిక్షణంతా ఆ అంచు ఎక్కడుందో కుక్కకు తెలియజెప్పడమే. నా దృష్టిలో ఈ విద్యలో అందమంతా అక్కడే ఉంది.

కుక్కపిల్ల మరీ చిన్నదైతే గొర్రెలే దాన్ని బెదరగొడతాయి. అందుకే చాలామంది ఎనిమిది నెలలు, ఏడాది దాకా ఆగుతారు. కుక్కలకు అలవాటుపడ్డ నెమ్మదైన గొర్రెలతో చిన్న ఆవరణలో మొదలుపెడతారు. పిల్లలో ఒక గుణం పుట్టుకతోనే ఉంటుంది. మంద గడియారం మధ్యలో ఉందనుకోండి. మనిషి ఆరు దగ్గర నిలబడితే, అది మందను చుట్టి పన్నెండు దగ్గరికి చేరుతుంది. మాట ఆ తర్వాతే వస్తుంది. కుక్క తనంతట తాను గడియారం ముల్లు తిరిగే వైపు వెళ్తున్నప్పుడు 'కమ్ బై' అంటారు. దానికి ఎదురు వైపు తిరిగితే 'అవే టు మీ'. చేస్తున్న పనికే పేరు పెడతారన్నమాట. 'లై డౌన్' అంటే పడుకో. గొర్రెలు కదులుతున్న వేళ ఆ మాట వినడం లేత కుక్కకు చాలా కష్టం.

అంతకన్నా కష్టం మందను మనిషికి దూరంగా తోలడం. మనిషి దగ్గరికి తేవడమే దాని స్వభావం కదా, ఇది దానికి పూర్తిగా ఎదురు. అందుకే ఆ పాఠం ఆలస్యంగా మొదలుపెడతారు.

[దృశ్యం: పోటీ మైదానం. రెండేసి గేట్లు, ఒక చిన్న దొడ్డి.]

బ్రిటన్‌లో ఇలా మంద తోలే కుక్కల మొదటి పోటీగా చెప్పుకునేది 1873 అక్టోబరులో వేల్స్‌లోని బాలా ఊళ్లో జరిగింది. పది కుక్కలు పోటీపడితే, గెలిచింది ట్వీడ్ అనే కుక్క. 1906లో ఈ పోటీలు నడిపే ఇంటర్నేషనల్ షీప్‌డాగ్ సొసైటీ ఏర్పడింది. ఇప్పుడు మామూలుగా ఒక్కో జడ్జి దగ్గర 100 మార్కులుంటాయి. తప్పు జరిగిన కొద్దీ తగ్గిస్తూ పోతారు. చుట్టి వెళ్లే పరుగుకు 20, మందను దగ్గరికి తేవడానికి 20, దూరంగా తోలడానికి 30. కొన్ని గొర్రెలను వేరు చేయడానికి 10, దొడ్డిలో పెట్టడానికి 10.

మిగిలిన 10 మార్కులు 'లిఫ్ట్'కి. గొర్రెల వెనక్కి చేరిన కుక్క వాటిని మొదటిసారి కదిలించే క్షణం అది. కొన్ని సెకన్ల పని. కానీ ఈ కుక్కను నమ్మాలా, భయపడాలా అని గొర్రెలు తేల్చుకునేది అప్పుడే. అక్కడ అవి బెదిరితే ఆట చివరిదాకా టెన్షనే.

ఇక అన్నిటికన్నా పెద్ద పోటీ, ఇంటర్నేషనల్ సుప్రీమ్. అందులో గొర్రెలు 20, రెండు గుంపులుగా, చాలా దూరంలో. కుక్క మొదటి పదింటినీ తెస్తుంది. దారి మధ్యలో ఈల వినిపిస్తుంది. 'లుక్ బ్యాక్', వెనక్కి చూడు అని దానర్థం. తెచ్చిన గొర్రెలు కళ్ల ముందే ఉన్నాయి. రెండో గుంపు దానికి కనిపించకపోవచ్చు కూడా. అయినా చేతిలో ఉన్న మందను వదిలి, యజమాని మాట మీద వెనక్కి తిరగాలి.

[దృశ్యం: కుక్క ఆగింది. ఒకసారి గొర్రెల వైపు, ఒకసారి యజమాని వైపు చూసింది. మళ్లీ ఈల.]

తిరిగింది. చూడండి, కొండ పైకి ఎలా పరిగెత్తుతోందో!